బోరంచ సెల్ఫు

జీపు కింద ఎర్తు పట్టీ ఊడదీసింది నేను. ఉస్తాద్ కాదు.

ఈ మాట బోరంచ జాతరలో, జనమంతా నా మొహం వంక చూస్తున్నప్పుడు చెప్పాల్సింది. అప్పుడు నోరు రాలేదు. తర్వాత చెబుదామని మంచి రోజు కోసం చూశాను. ఒకరోజు ఉస్తాద్ కోపంగా ఉన్నాడని ఆగాను. ఇంకోరోజు సంతోషంగా ఉన్నాడు, ఎందుకు చెడగొట్టడమని ఆగాను. అట్లా చూస్తూ చూస్తూ యాభైకి దగ్గర పడ్డాను. జుట్టు పోయింది, జీపు పోయింది, జీపు మీద తిరిగిన దర్జా పోయింది. ఆ మాట మాత్రం గొంతులోనే ఉండిపోయింది.

దాన్ని కదిలించింది ఒక ఆటో.

మొన్నామధ్య నారాయణఖేడ్‌లో కంగ్టి పోయే ఆటో ఎక్కాను. డ్రైవర్ తాళం తిప్పాడు. ఇంజన్ను తిప్పి లేపే మోటారును మా దగ్గర సెల్ఫు అంటారు. అది ఒకసారి మూలిగి ఊరుకుంది. అతను వెనక్కి తిరిగి, ఏ సంకోచమూ లేకుండా అన్నాడు:

"బోరంచ సెల్ఫు సార్ ఇది. జర దిగి ఒక చెయ్యెయ్యుర్రి."

తోస్తే తప్ప లేవని బండిని మా ఖేడ్‌లో బోరంచ సెల్ఫు అంటారు. బండే కానక్కరలేదు. ఎవరో పోయి లేపితే గాని ఆఫీసుకు కదలని గుమాస్తాను కూడా అంటారు. ఆ మాట పుట్టినప్పుడు నేను అక్కడే ఉన్నాను. అయినా తెలియనట్టు అడిగాను.

"బోరంచ సెల్ఫు అంటే ఏంది?"

"మీకు తెల్వదా సార్? పాత జమాన్ల ఎవడో తాగుబోతు మిస్త్రీ ఉండెనట. పెట్రోలు జీపుకు డీజిలు ఇంజన్ ఎక్కిచ్చిండట. తాగిన నిషాల ఎర్తు కట్టుడే మర్చిపోయిండు. జాతరల బండి మొత్తం కాలిపోయిందట. పోచమ్మ తల్లి దయ, మనుషులు బతికిన్రు."

"కాలలేదు" అన్నాను.

"ఆ?"

"బండి కాలలేదు. పొగ వచ్చింది, అంతే."

"ఆడ ఉన్నవా సార్ నువ్వు?"

"లేను."

ఆ అబద్ధం నా నోట్లోంచి ఒక్క తిప్పుకే లేచింది. దానికి తోసేవాళ్లు కూడా అక్కర్లేకపోయింది. దిగి ఆటోను తోశాను. తోస్తున్నంతసేపూ ఒకటే ఆలోచన. ఉస్తాద్ తాగేది చాయ్ ఒక్కటే, అది కూడా సాసర్‌లో పోసుకుని, ఊది ఊది. ఆయన్ని నేను మతిమరుపు మనిషిని చేసి వదిలాను. ఊరు తన వంతుగా తాగుబోతును చేసింది.

ఆయన పేరు రాయడం లేదు. ఆ రోజుల్లో ఖేడ్‌లో ఎవరూ ఆయన్ని పేరుతో పిలవలేదు, ఉస్తాద్ అనే పిలిచేవారు. బస్సు డిపో ఎదురుగా చిన్న రేకుల షెడ్డులో బండ్ల కరెంటు పని చేసేవాడు. చుట్టుపక్కల మెకానిక్కులంతా గ్రీజులో మునిగి లేచినట్టుంటే, ఈయన మాత్రం గంజి పెట్టిన తెల్ల చొక్కా వేసుకుని, మెడ దాకా గుండీలు పెట్టుకుని పని చేసేవాడు. జేబులో పెన్ను ఉండాల్సిన చోట టెస్టర్. సాయంత్రం షెడ్డు మూసేటప్పుడు చొక్కా వెనకా ముందూ చూపించి, "సూసుకోండ్రి, ఒక్క మచ్చ లేదు. ఇది హీరో డ్రెస్సు గాదు, పనిమంతుని డ్రెస్సు" అనేవాడు. అణకువ అనేది ఆయన దుకాణంలో దొరికే సామాను కాదు.

ఆదివారం చర్చిలో కూడా అంతే. మెథడిస్టు మిషను కాలంనాటి కుటుంబం వాళ్లది. అందరూ పాట ముగించాక ఆయన గొంతు ఒక్కటి ఇంకో చరణం మిగిలినట్టు సాగేది. ఎందుకట్లా అని అడిగితే, "అందరితోని పాటు ఆపితే నేను పాడినట్టు ఎట్ల తెలుస్తది తమ్మీ?" అన్నాడు.

సెల్ఫు పాడైందని ఎవరైనా తెస్తే ముందు విప్పేవాడు కాదు. వాసన చూసేవాడు. పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతుల్లోకి తీసుకుని, చివర ముక్కు ఆనించి, కళ్లు మూసుకునేవాడు. "మాడిన చింతపండు వాసన. కాయిలు పోయింది." లేదా "ఏం వాసన లేదు. దీన్కి రోగం లేదు, దీని డ్రైవర్‌కున్నది." మనకూ వాసన చూపించేవాడు. నాకు ఎప్పుడూ ఇనుము వాసన తప్ప ఏదీ తెలిసేది కాదు. అయినా తల ఊపేవాణ్ణి.

నాకు జీపు పిచ్చి పట్టింది పెళ్లైన కొత్తలో. డిగ్రీ చదివినవాడు టీచర్ ఉద్యోగం వెతుక్కోవాలని మా మామ పట్టు. మామది కంగ్టి పక్క ఊరు, కంది పండించే మనిషి. మాట కూడా కందికట్టెలాగే గుచ్చుకునేది. "జీపు నడిపేటోనికి పిల్లనిచ్చిన్నని నలుగురికి ఎట్ల జెప్పాలె?" అన్నాడు నా ఎదుటే. ఆ పౌరుషంతో ఒక పాత పెట్రోలు జీపు కొన్నాను. పెట్రోలు మీద ఖేడ్ నుంచి కంగ్టికి జనాన్ని తిప్పితే ఏమీ మిగలదని తొందర్లోనే తెలిసింది. అందరూ చేస్తున్నట్టే నేనూ దానికి డీజిలు ఇంజన్ వేయిద్దామనుకున్నాను. బీదర్ స్క్రాపు బజారుకు పోయి, తుక్కుకింద పడేసిన ఒక వ్యాను ఇంజన్ తెచ్చాను. నేను ఎంచిన పద్ధతి ఏమిటంటే, దాని రంగు బాగుంది.

ఇంజన్ను జీపులో కూర్చోబెట్టడం వేరే మిస్త్రీ పని. దాన్ని లేపడం ఉస్తాద్ పని. చూసి ఆయన జీపు చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"ఏంది ఉస్తాద్?"

"పిల్లను ఒక ఇంట్ల, పిల్లగాన్ని ఇంకో ఇంట్ల సూసి, రెండిండ్లకు భాష కుదరదని పెండ్లినాడు జెప్తే ఎట్లుంటది? గట్లున్నది. జీపు పన్నెండు వోల్టులది. గీ ఇంజన్ సెల్ఫు ఇరవై నాలుగుది. గీ సెల్ఫుకు నీ బ్యాటరీ పెడితె అది ఆవులిచ్చి పండుకుంటది."

"పాత పెట్రోలు సెల్ఫే పెడితే?"

"మేకతోని నాగలి దున్నిస్తవా?"

పెట్రోలు ఇంజన్ను లేపడం సులువట. డీజిలుది లోపల బిగుతు ఎక్కువ, దాన్ని తిప్పాలంటే సెల్ఫు ఒక్క క్షణంలో వాగులాగా కరెంటు తాగుతుందట. సన్న తీగలన్నీ తీసేసి బొటనవేలంత లావు తీగలు వేశాడు. పాదంతో నొక్కే పాత స్విచ్చి తీసి తాళం పెట్టాడు. ఇంజన్ వేడెక్కడానికి హీటరు తీగ లాగాడు. ఇరవై నాలుగు వోల్టుల కోసం రెండు బ్యాటరీలు ఒకదాని వెనక ఒకటి కలిపాడు. సెల్ఫుకు రెండూ, లైట్లకూ హారన్‌కూ ఒకటే. "మొత్తం జిల్లాల ఎవ్వనికి రాని దిమాక్ ఇది" అని ప్రకటించాడు.

కొన్నాళ్లకే ఒక బ్యాటరీ ఉడికిపోయింది, ఇంకోటి ఎండిపోయింది. ఉస్తాద్ నేరుగా పక్కనున్న బ్యాటరీ దుకాణం మీదికి పోయాడు. దొంగ మాల్ అమ్ముతున్నావని తిట్టాడు. దుకాణం ఆయనా తిట్టాడు. ఆ పోట్లాట ఊళ్లో వారం నడిచింది. తర్వాత ఒక పొద్దున, బస్సుల కోసం జనం నిలబడి ఉన్న వేళ, ఉస్తాద్ తెల్ల చొక్కాలో వచ్చి ఆ దుకాణం ముందు నిలబడి, చర్చిలో పాడే గొంతుతో అరిచాడు.

"తప్పు నాదిరా భయ్! బ్యాటరీలది గాదు, నా దిమాక్‌ది! ఒకదాన్ని ఉపాసం వెట్టిన, ఒకదాన్ని మింగవెట్టిన! అందరు ఇనుర్రి!"

బస్సు ఎక్కబోతున్న వాళ్లు ఆగి విన్నారు. వాళ్లకు దీనితో ఏం సంబంధమో వాళ్లకే తెలియదు. నేను సిగ్గుతో షెడ్డు వెనక్కి పోయాను. తర్వాత అడిగాను, అంత గట్టిగా చెప్పాలా అని.

"తిట్టినప్పుడు గట్టిగనే తిడితి గద తమ్మీ. ఒప్పుకునేటప్పుడు చెవుల జెప్తే ఎట్ల?"

తప్పు ఒప్పుకోవడంలో కూడా ఆయనకు గర్వమే. సెల్ఫు ఊడదీసి హైదరాబాదు తీసుకుపోయి, లోపలి కాయిళ్లు పన్నెండు వోల్టులకు చుట్టించుకొచ్చాడు. ఈసారి కుదిరింది. ఆ ఊపులో ఒక బోర్డు కూడా రాయించాడు, పసుపు మీద ఎర్ర అక్షరాలు: 'పెట్రోలు బండ్లకు డీజిలు ఇంజన్ కనెక్షన్లు చేయబడును.' జాతర అయ్యాక మంచిరోజు చూసి తగిలిస్తానన్నాడు. మంచిరోజుల విషయంలో మా ఇద్దరికీ కలిసిరాలేదు.

జీపు అప్పగించేరోజు ఆయనకొక పద్ధతి ఉండేది. యజమాని చేత బండి లేపించి, వెంటనే ఆపించి, అతని చెయ్యి పట్టుకుని ఒక్కొక్క తీగ మీద ఆనించేవాడు. కరెంటు పోయే తొవ్వ ఇరుకైతే అక్కడ వేడెక్కుతుంది. అరచేతికి వేడి తగలకపోతేనే పని పూర్తయినట్టు. చివరికి నన్ను కింద పడుకోబెట్టి, ఇంజన్‌కూ జీపు చట్రానికీ నడుమ బిగించిన ఒక జానెడు రాగి పట్టీ మీద చెయ్యి పెట్టించాడు. అల్లిన రాగి తీగల పట్టీ అది, చూడడానికి పాత బెల్టు ముక్కలా ఉంది.

"ఇదేంది?"

"ఎర్తు పట్టీ. ఇంజన్ రబ్బర్ల మీద కూసున్నది. రబ్బర్ల కరెంటు పోదు. సెల్ఫు కాడికి పోయిన కరెంటు బ్యాటరీకి వాపస్ రావాలంటె గిదే తొవ్వ. పోవుడు అందరు సూస్తరు, వచ్చుడు ఎవ్వడు సూడడు. ఇది లేకుంటె అది ఊకుంటదా? ఏ బ్రేకు తీగల్నుంచో, ఏ యాక్సిలేటర్ తీగల్నుంచో దుంకుతది. గా సన్న తీగ తట్టుకుంటదా? యాద్ పెట్టుకో."

"పెట్టుకుంటా" అన్నాను. డిగ్రీలో కూడా నేను అన్నీ ఇట్లాగే గుర్తు పెట్టుకున్నాను.

ఇంకోటి కూడా చెప్పాడు. "పెట్రోలు బండి తాళం దీస్తె సస్తది. డీజిలు తాళంతోని సావదు, గొంతు పిసకాలె." స్టీరింగ్ కింద ఒక చిన్న పిడి చూపించాడు. లాగితే ఇంజన్ ఆగుతుంది. నవ్వుకుంటూ రెండుసార్లు లాగి చూశాను.

బోరంచ నల్లపోచమ్మకు మా అత్తగారింటివాళ్ల మొక్కు ఉంది. అందర్నీ నా జీపులోనే తీసుకుపోతానన్నాను. మామ ఆ జీపులో కూర్చుని, కిందికి దిగి, 'పర్వాలేదు' అనాలి. అంతే నా కోరిక. ముందురోజు జీపుకు స్వయంగా ఆకుపచ్చ రంగు వేశాను. పైన వేశాక కిందా వేయాలనిపించింది. మామ వంగి చూస్తే? ముందు భాగాన ఆ పాత బెల్టు ముక్క రంగుకు అడ్డం వచ్చింది. విప్పాను. రంగు వేశాను. ఆరాక బిగిద్దామని వెనక సీటు కింద పెట్టాను. ఆరింది. నేను మాత్రం మర్చిపోయాను.

పొద్దున తాళం తిప్పితే సెల్ఫు మూలిగి, ఎట్లాగో లేచింది. ఏదో కాలుతున్న వాసన వచ్చింది. "ఏందది?" అంది నా భార్య. "కొత్త రంగు" అన్నాను. ఉస్తాద్ దగ్గర అన్నాళ్లు వాసనలు చూసిన ఫలితం అది.

బోరంచలో మొక్కు తీరింది, మేక కోశారు, వంటలైనాయి, తిన్నారు. మిగిలిన కూరతో పెద్ద గంజు గిన్నె వెనక సీటు మీద పెట్టారు. మామ ముందు సీట్లో నా పక్కన దర్జాగా కూర్చున్నాడు. నేను యాక్సిలరేటర్ మీద కాలు వేసి తాళం తిప్పాను. మూలిగింది. మళ్లీ తిప్పాను, ఇంకా గట్టిగా తొక్కాను. బానెట్ సందులోంచి సన్నగా పొగ. మామ ముక్కు ఎగబీల్చాడు. "కొత్త రంగు మామా" అన్నాను. ఇంకోసారి తిప్పాను.

లేచింది. లేవడం కాదు, లంకించుకుంది. యాక్సిలరేటర్ తీగ కాలి దాని గొట్టానికే అతుక్కుపోయింది. కాలు తీసినా ఇంజన్ రంకె ఆగలేదు. జీపు నిలబడ్డచోటే గజగజ వణుకుతూ, నల్లపొగ కక్కుతూ అరుస్తోంది. ఆడవాళ్లు దూకేశారు. మామ దూకడం నేను అంతకు ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు. నేను తాళం తీశాను. ఆగలేదు. మళ్లీ పెట్టి మళ్లీ తీశాను. తాళం చేతిలో పట్టుకుని దానివంక చూస్తూ కూర్చున్నాను.

"తల్లీ! జీపుకు పూనకమొచ్చింది!" ఎవరో అరిచారు. డప్పులవాళ్లు ఇటు తిరిగి వాయించడం మొదలుపెట్టారు. ఒక ముసలమ్మ ధైర్యంగా దగ్గరికొచ్చి బంపర్ మీద పసుపునీళ్లు చల్లి, "శాంతించు తల్లీ, శాంతించు, ఏం గావాల్నో అడుగు" అని బతిమాలింది.

ఆ జాతరలో మైకు సెట్టు బ్యాటరీలు చూసేది ఉస్తాదే. జనాన్ని తోసుకుంటూ వచ్చి, నా ఒళ్లోంచి చెయ్యి పెట్టి స్టీరింగ్ కింది పిడి లాగాడు. ఇంజన్ చచ్చింది. డప్పులు కూడా ఆగాయి. ముసలమ్మ ఆయన్ని అనుమానంగా చూసింది, అమ్మవారి మాట పూర్తికాలేదన్నట్టు.

ఉస్తాద్ బానెట్ ఎత్తి, యాక్సిలరేటర్ తీగ మీద అరచెయ్యి పెట్టి, చురుక్కుమంటే వెనక్కి తీసుకున్నాడు. తర్వాత ఆయన చేసిన పని చూసి ఖేడ్ నుంచి వచ్చినవాళ్లు గుసగుసలాడారు. తెల్ల చొక్కాతోనే నేల మీద వెల్లకిలా పడుకుని జీపు కిందికి దూరాడు. లేచి వచ్చేసరికి వీపంతా మట్టి, పసుపు, కుంకుమ.

"పట్టీ లేదు" అన్నాడు.

"లేదంటె? పెట్టనే లేదా?" అన్నాడు మామ. దూకినప్పుడు ఊడిన కండువా సర్దుకున్నాడు. ఆ దూకుడుకు బాధ్యుడు కావాలి ఆయనకు.

"పెట్టిన. నా చేతుల్తోని బిగిచ్చిన. ఏమంటవ్ తమ్మీ? నీ చెయ్యి వెట్టి సూపిచ్చిన గద?"

నేను తాళం వంక చూస్తున్నాను.

"బిగిస్తె ఏడ వాయె? రెక్కలొచ్చి ఎగిరిందా?" అన్నాడు మామ.

"మొన్న బ్యాటరీలు ఉడకవెట్టింది గూడ నువ్వే గదా ఉస్తాద్" అని గుంపులోంచి ఒకడు. "బస్టాండుల నువ్వే ఒర్లితివి!"

నవ్వులు.

"అది నాది. గిది నాది గాదు" అన్నాడు ఉస్తాద్. గట్టిగా అనలేదు. అందుకే ఎవరూ నమ్మలేదు. తన తప్పును డప్పు కొట్టి చెప్పుకున్న మనిషి, తప్పులు చేసే మనిషిగా ఊరికి రుజువైపోయాడు. నేను ఏనాడూ ఏ తప్పూ ఒప్పుకోలేదు. కాబట్టి నా చరిత్ర అద్దంలాగా ఉంది.

అందరూ నావంక చూశారు. మామ చూశాడు. మూడు మాటలు చెబితే చాలు: పట్టీ నేనే ఇప్పిన. నా నోట్లోంచి వచ్చింది ఇది:

"ఏమో అన్నా, నేనేం సూడలే."

తర్వాత పోయి వెనక సీటు మీద, కూర గంజు పక్కన, కాళ్లు నొప్పులన్నట్టు కూర్చున్నాను. ఎవరూ ఆ సీటు ఎత్తకుండా.

ఉస్తాద్ మళ్లీ బానెట్ కిందికి వంగాడు. కాలిన తీగ తీసేసి, యాక్సిలరేటర్ బదులు మైకు సెట్టు తీగ ఒకటి ఇంజన్‌కు కట్టి దాని కొస నా చేతికిచ్చాడు. "లాగు, వదులు. పతంగి అనుకో." సెల్ఫు పనిచేయదు కనక జాతర మొత్తం కలిసి జీపును తోసింది. తోసేవాళ్లలో ఎవడో కుర్రకుంక, "బోరంచ సెల్ఫురో!" అని కేకేశాడు. అందరూ అందుకున్నారు. నేను పతంగి ఎగరేసుకుంటూ ఖేడ్ చేరాను. మామ బస్సులో పోయాడు.

మర్నాడు జీపును షెడ్డుకు తీసుకుపోయాను. ఉస్తాద్ కొత్త పట్టీ తెచ్చి, కింద పడుకుని, పట్టీ కూర్చునే బోల్టు దగ్గర టెస్టర్‌తో గీకాడు. కొత్త ఆకుపచ్చ రంగు చుట్టుకుని ఊడివచ్చింది. బయటికి వచ్చి ఆ రంగు పెచ్చును వేలి మీద పెట్టుకుని చూశాడు.

"మంచి రంగు. ఎవరేసిన్రు?"

"నేనే."

"కింద గూడ ఏసినవ్."

"ఆ."

"మంచిగ ఏసినవ్" అని, ఆ పెచ్చును నా చొక్కా జేబులో వేసి, పట్టీ బిగించాడు.

ఆయన్ని ఇక్కడ మహాత్ముణ్ణి చేసి రాయాలని చెయ్యి లాగుతోంది. కాని అది కూడా అబద్ధమే అవుతుంది. ఆ రోజు పట్టీతోపాటు హారన్ కూడా సరిచేశానని చెప్పి పంపాడు. ఆ తర్వాత నేను బ్రేకు తొక్కినప్పుడల్లా హారన్ మోగేది. మామూలుగా కాదు, తప్పిపోయిన మేకపిల్లలాగా. కంగ్టి రోడ్డు మీద గొర్లకాపరులు లేచి లెక్క చూసుకునేవారు. ఎన్నిసార్లు తీసుకుపోయినా ఉస్తాద్ తీగలన్నీ వెతికి, గంభీరంగా, "ఎర్తు ప్రాబ్లం తమ్మీ. దొరుకుతలేదు" అనేవాడు. నేను తల ఊపి వచ్చేవాణ్ణి. ఇంకో మిస్త్రీ దగ్గరికి పోయే మొహం కూడా నాకు లేదు. జీపు అమ్మేదాకా మేకపిల్ల నాతోనే ఉంది.

కాని ఆయన పోగొట్టుకున్నదాని ముందు ఆ మేకపిల్ల ఎంత? ఇంజన్లు మార్పించేవాళ్లు జహీరాబాద్ పోవడం మొదలుపెట్టారు. బోర్డు తగలనేలేదు. గోడకు మొహం తిప్పి ఉండేది. ఆయన చేతికి హారన్లు, వెనక లైట్లు, తర్వాత తర్వాత టేబుల్ ఫ్యాన్లు వచ్చాయి. సెల్ఫు వాసన చూసి రోగం చెప్పిన మనిషి ఫ్యాన్ రెక్కల దుమ్ము తుడిచాడు, తెల్ల చొక్కాతోనే. నేను ఎదురుపడితే, "ఏం జీపు దొరా, మంచిదేనా?" అనేవాడు. "మంచిదే అన్నా" అనేవాణ్ణి.

ఇన్నాళ్లకు, ఆటో తోసి వచ్చిన రెండోరోజు, ఆయన్ని వెతుక్కుంటూ పోయాను. ఇప్పుడాయన అల్లుడి బ్యాటరీ దుకాణం ముందు కూర్చుంటాడు. డిపో ఎదురుగానే, ఒకప్పుడు తాను నిలబడి అరిచిన ఆ దుకాణమే. అల్లుడు దాన్ని తీసుకున్నాడు. లోపల పాత బ్యాటరీల వరస కింద ఒక పలక పరిచి ఉంది. అంచున పసుపు రంగు, అక్షరాలు కింది వైపు.

ఉస్తాద్‌కు వయసు బాగా మీద పడింది. చొక్కా మాత్రం తెల్లగానే ఉంది, మెడ దాకా గుండీలు. చెవులు కొంచెం తగ్గాయని అల్లుడు ముందే చెప్పాడు. నేను పక్కన స్టూలు వేసుకుని, దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలు నెమ్మదిగా, మర్యాదగా, ఎవరికీ వినపడకుండా మొదలుపెట్టాను.

"అన్నా, ఆ జాతర సంగతి..."

ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "ఆ? ఏంది?"

"జాతరల పట్టీ..."

"వడ్ల బట్టీనా? గట్టిగ జెప్పు తమ్మీ. ఇనవడ్తలేదు."

"బోరంచ జాతరల, జీపుకు, పట్టీ నేనే ఇప్పిన అన్నా" అన్నాను కాస్త గొంతు పెంచి. కంగ్టి బస్సు కోసం నిలబడ్డ ఇద్దరు ఇటు చూశారు.

"ఎవరిప్పిన్రు?"

"నేను!"

"ఎవని జీపుది?"

"నాదే! రంగు వేస్తందుకు ఇప్పిన! సీటు కింద వెట్టి మర్చిపోయిన! అందరు నిన్ను అంటుంటె నోరు మూసుకున్న!"

ఇప్పుడు బస్టాండు దగ్గర జనం కదలడం మానేశారు. చాయ్ బండి దగ్గర గ్లాసులు ఆగిపోయాయి. ఆ ఆటో డ్రైవర్ కూడా అక్కడే ఉన్నాడు, ఖర్మ. నన్ను గుర్తుపట్టి, "ఆడ లేనంటివి గద సార్?" అన్నాడు. నా చెవులు కాలుతున్నాయి. ఏ తీగలోంచి పోతోందో ఆ కరెంటు.

ఉస్తాద్ మాత్రం అదే మొహంతో, చెవి దగ్గర చెయ్యి తీయకుండా, నావంక చూస్తున్నాడు.

అంతలో దుకాణం లోపల, కర్టెన్ వెనక ఎక్కడో, సెల్‌ఫోను మోగింది. చాలా సన్నగా. నాకు సరిగ్గా వినపడనే లేదు. ఉస్తాద్ తల తిప్పకుండానే అన్నాడు:

"అల్లుడా, నీ ఫోన్ మోగుతుంది సూడు."

నేను ఆయన మొహంలోకి చూశాను. ఆయనా చూశాడు. అందులో ఒక మేకపిల్ల ఉంది.

"ఊ" అన్నాడు, మళ్లీ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని. "నువ్వేమో అంటుంటివి తమ్మీ. ఇనవడలే. మొదటికెల్లి జెప్పు."

లేచి నిలబడ్డాను. స్టూలు వెనక్కి జరిపి, డిపో వైపు తిరిగాను. చర్చిలో పాడిన గొంతు కాదు నాది, డిగ్రీ గొంతు, మధ్యలో చీలిపోయింది. అయినా అరిచాను.

"తప్పు నాది! బోరంచల జీపు పట్టీ ఇప్పింది నేను! ఉస్తాద్ మంచిగనే బిగిచ్చిండు! తాగలే, మర్వలే! నేను అబద్ధమాడిన! అందరు ఇనుర్రి! మాఫ్ చెయ్యి అన్నా!"